డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్: 8 ఏళ్ల వాడకం తరువాత

ప్రకాశం జిల్లా చీమకుర్తి దగ్గర మా గ్రానైట్ కోత, పాలిష్ యూనిట్‌లో 3 టన్నుల డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్ 8 ఏళ్లుగా పనిచేస్తోంది. ఇంజను నడిచిన గంటలను లెక్కించే అవర్ మీటర్ 14,000 గంటలు దాటింది. కొనేటప్పుడు బ్యాటరీ బండిని కూడా పరిశీలించాము గాని, లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తిగా చార్జ్ కావడానికి సుమారు 8 గంటలు పడుతుందనగానే ఆ ఆలోచన మానుకున్నాము. లోడింగ్ ఉన్న రోజున మా బండికి రాత్రి పదింటి దాకా విరామం ఉండదు. డీజిల్ పోయడానికి 5 నిమిషాలు చాలు. వానాకాలంలో బురదయ్యే యార్డులో, గేటు దగ్గరి ఎత్తు మీదికి బరువుతో ఎక్కేటప్పుడు ఇంజను సత్తా తెలుస్తుంది. ట్రాక్టరు పని తెలిసిన మెకానిక్ ఎవరైనా దీని మీద చేయి వేయగలగడం మరో సౌలభ్యం.

అయితే సత్తా ఉంది కదా అని లెక్క మరవకూడదు. 9 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు, 20 మిల్లీమీటర్ల మందం గల గెలాక్సీ (మెరుపు చుక్కల నల్ల గ్రానైట్) పలక ఒక్కటే దాదాపు 290 కిలోలు తూగుతుంది కనుక, పది పలకల కట్ట 3 టన్నులకు దగ్గర పడుతుంది. ఈ తరగతి బండ్లకు రాసి ఉండే 3 టన్నులు, బరువు కేంద్రం ఫోర్కుల (బరువును ఎత్తే రెండు ఇనుప చేతుల) నిలువు ముఖానికి 500 మిల్లీమీటర్ల లోపు ఉన్నప్పటి సంగతి. ఒకసారి చెక్క ఫ్రేము అడ్డుపడి కట్ట ముందుకు జరిగి ఉండగానే ఎత్తాము. స్టీరింగ్ ఒక్కసారిగా దూదిలా తేలికైపోయింది. స్టీరింగ్‌తో తిరిగే వెనుక చక్రాలకు నేల మీద పట్టు సడలిందన్నమాట. ఆ రోజు నుంచి ఏడు పలకలకు మించి ఎత్తనివ్వడం లేదు.

గంటకు సుమారు 3 లీటర్ల డీజిల్ కంటే నన్ను ఎక్కువగా బాధించేది ఖాళీగా నడిచే ఇంజను. ఆపితే మళ్లీ స్టార్టు కాదేమోనన్న భయం, ఇంజనును స్టార్టు చేసే పాత బ్యాటరీ నాటిది. కొత్తది వేసినా మా ఆపరేటర్‌కు ఆ అలవాటు పోలేదు. అవర్ మీటర్ కూడా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, 250 గంటలకు మార్చవలసిన ఇంజన్ ఆయిల్ గడువు పని జరగకుండానే వచ్చి పడుతుంది. ఇక రాతి దుమ్ము. ఒక వేసవిలో అది కారిన ఆయిల్‌తో కలిసి రేడియేటర్ రెక్కల మధ్య ముద్దలా గడ్డకట్టగా, వారం రోజులు మధ్యాహ్నం వేళ బండిని నిలిపివేయవలసి వచ్చింది. ఇప్పుడు రోజూ సాయంత్రం ఎయిర్ ఫిల్టర్‌ను, రేడియేటర్‌ను చూడనిదే తాళం వేయము.

అసలైన లోపం పొగ. మూడు వైపులా మూసిన పాలిష్ షెడ్డులో పది నిమిషాలు తిరిగితే కూలీల కళ్లు మండుతాయి. నల్లని పలక మీద చేయి పెడితే మసి అంటుతుంది. పొగగొట్టాన్ని పైకి పెంచి చూశాము, పొగ రేకులకు తగిలి తిరిగి కిందికే దిగింది. డీజిల్ పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చిందని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. నిరుడు షెడ్డు గుమ్మం ముందు పసుపు గీత గీయించాము. ఈ బండి ఆ గీత దగ్గరే పలకలను దించుతుంది. అక్కడి నుంచి లోపలికి పట్టాల మీది ట్రాలీయే తీసుకువెళుతుంది.