నురుగు గిన్నెలోనా, గడ్డం మీదా?

షేవింగ్ సబ్బుతో మంచి నురుగు రావాలంటే గిన్నెలో తిప్పాలా, నేరుగా గడ్డం మీదే బ్రష్షుతో రుద్దాలా? రెండింటికీ మొదలు ఒకటే. బ్రష్షును గోరువెచ్చని నీటిలో తడిపి, విదిలించి, సబ్బు మీద కనీసం అర నిమిషం తిప్పాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. బ్రష్షుకు సబ్బు చాలినంత ఎక్కకపోతే ఆ తర్వాత ఎంత తిప్పినా బుడగలే తప్ప చిక్కని నురుగు రాదు.

గిన్నెలో అయితే నురుగు ఎలా మారుతోందో కళ్లారా చూడవచ్చు. కొన్ని చుక్కల నీళ్లు పోసి తిప్పాలి, మళ్లీ కొన్ని చుక్కలు పోయాలి. పొడిపొడిగా ఉన్న ముద్ద మెల్లగా మెరుపెక్కి మీగడలా జారుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఇదే మేలు. సున్నితమైన చర్మం ఉన్నవారికీ ఇదే నయం, బ్రష్షు రాపిడి తక్కువ కదా!

గడ్డం మీదే రుద్దితే వెంట్రుకలు లేచి నిలుస్తాయి, వాటి మొదళ్ల దాకా తడి చేరుతుంది. బిరుసు గడ్డానికి నా ఓటు దీనికే. పంది వెంట్రుకల బ్రష్షు ఈ పనికి చక్కగా సరిపోతుంది, కాకపోతే దాన్ని ముందుగా కొన్ని నిమిషాలు నానబెట్టాలి.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో మాత్రం పద్ధతి కన్నా నీళ్లే ముఖ్యం. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లని తెట్టు కడతాయి, నురుగు నిలవదు. అలాంటిచోట ఆర్వో నీళ్లు వాడండి, అర గ్లాసు చాలు.