నాన్న చేతక్: షెడ్డులో బాగుచేసి ఆరేళ్లు నడిపాక

ఇది 1983 మోడల్ బజాజ్ చేతక్. ఇంటి వెనక రేకుల షెడ్డులో మొత్తం విప్పి మళ్లీ బిగించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆరేళ్లుగా విజయవాడలో రోజూ కూరగాయలకి, నెలకోసారి ఉయ్యూరుకి ఇదే బండి. ఎవరైనా సలహా అడిగితే ఒకటే చెబుతాను: ముందు ఇంజన్, రంగు ఆఖర్న. నేను తిరగేసి చేశాను.

ఇంట్లో చేసుకోవడానికి ఇంత వీలైన బండి నేను చూడలేదు. అడుగున పొడవాటి బోల్టు, వెనక షాక్ అబ్జార్బర్ బోల్టు తీసి, కేబుళ్లు, వైర్లు వదిలిస్తే ఇంజన్ వెనక చక్రంతో సహా విడిగా వచ్చేస్తుంది. ఇంజన్ పక్కన తిరిగే, రెక్కలున్న మాగ్నెట్ చక్రాన్ని లాగడానికి మాత్రం పుల్లర్ అనే పనిముట్టు కొనాల్సిందే. సుత్తితో కొడితే వస్తుందిలే అనుకుని నేనొక రెక్క విరగ్గొట్టాను.

రంగు వేయించి తెచ్చిన వారానికే తెల్లపొగ మొదలైంది. పెట్రోల్లో కలిపే 2టీ ఆయిల్ ఎక్కువైందేమోనని లీటరుకి 20 మిల్లీలీటర్లు కొలిచి పోశాను. అయినా తగ్గలేదు. గేర్ ఆయిల్ తరిగిపోతోందని పది రోజులకి గానీ తట్టలేదు. క్లచ్ వైపు ఆయిల్‌ని ఆపే రబ్బరు సీల్ గట్టిపడి, ఇంజన్ ఆ ఆయిల్‌ని పీల్చి కాల్చేస్తోంది. వంద రూపాయలైనా చెయ్యని ఆ సీల్ కోసం ఇంజన్ దించి రెండుగా విప్పాను. కొత్త రంగు మీద స్పానర్ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంట్లోవాళ్లు వాటిని చూపించి నవ్వుతుంటారు.

ఆటోనగర్‌లో స్పేర్లకి కొదవ లేదు, నమ్మకానికే కొదవ. కొత్త క్లచ్ కేబుల్ ఏడాదికే తెగింది. స్పార్క్ కోసం కరెంటుని కలిపి విడదీసే పాయింట్లు కొత్తవి వేస్తే ఆరు నెలల్లో అరిగాయి. చివరికి నాన్న బిస్కెట్ డబ్బాలో దాచిన పాత పాయింట్లనే రుద్ది, గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు పెట్టి బిగించాను. నాలుగేళ్లుగా అవే. తీసిన భాగం ఏదీ పాత ఇనుముకి వెయ్యకండి.

కాళ్లు పెట్టుకునే చోట, మ్యాట్ కింద తుప్పు ఉంది. టింకరింగ్ చేసినాయన రేకు మార్చకుండా పుట్టీ పెట్టి పంపాడు. రెండో వానాకాలానికి రంగు పొంగింది. అది గోకించి రేకు వెల్డింగ్ చేయించాకే కుదుటపడింది.

ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ లాగుతుంది కాబట్టి, ఊరెళ్లేటప్పుడు ట్యాప్ మూసి, కార్బొరేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా ఇంజన్ తిరగనిస్తాను. మైలేజ్ 38 దాటలేదు. దానికి బాధ లేదు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ ఉంటుంది, కాగితాలు చూసుకోకుండా స్పానర్ పట్టొద్దు.

నచ్చనివి రెండు. ముందు బ్రేకు పేరుకే ఉంది. లైటు ఇంజన్ వేగాన్ని బట్టి వెలుగుతుంది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే గుడ్డి దీపమే. అందుకే ఉయ్యూరు నుంచి చీకటి పడకముందే బయల్దేరతాను.