సన్న వంటింటికి మాడ్యులర్ చేయించినాం, సి.క్యాంపు షాపు మీద నా రివ్యూ

కర్నూలు పాతూర్లో ఇండ్లు ఎట్ల ఉంటాయో తెలిసినవాళ్లకి మా వంటిల్లు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, రైలు పెట్టె మాదిరి పొడుగు పన్నెండు అడుగులు, వెడల్పు ఆరున్నరే. మా అత్త, నేను ఇద్దరం లోపల ఉంటే ఒకరు బయటికొచ్చేదాకా ఇంకొకరు కదిలేది లేదు. దీన్ని సి.క్యాంపు వైపు ఉన్న ఈ చిన్న షాపు వాళ్లకిచ్చి మొత్తం మార్పించినాం. పని బాగుంది, టైమ్ బాగలేదు, నాలుగు స్టార్లు. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుతాది.

వీళ్లకంటే ముందు ఒక పెద్ద షోరూమ్ వాళ్లు వచ్చి ల్యాప్‌టాప్‌లో త్రీడీ బొమ్మ చూపించినారు. రెండు పక్కలా 24 అంగుళాల గట్లు, నల్లటి అక్రిలిక్ డోర్లు, బొమ్మలో చూస్తే కళ్లు చెదిరిపోతాయి. కానీ లెక్క వేసుకోండి, ఆరున్నర అడుగులంటే 78 అంగుళాలు, రెండు గట్లకి 48 పోతే మధ్యలో మిగిలేది 30. కింద డ్రా లాగితే మనిషి యాడ నిలబడాల? నడిచే దారి కనీసం 36 ఉండాలని బొమ్మ గీసినాయనకి తెలియదా ఏంది, తెలుసు, కానీ బిల్లు చదరపు అడుగు లెక్కన కదా, గట్టు ఎంత పెద్దదైతే వాళ్లకి అంత మేలు.

ఈ షాపాయన బొమ్మ ఏమీ గీయలేదు, టేపు తీసుకుని వచ్చి మా డబ్బాలు, మిక్సీ, ప్లేట్లు అన్నీ కొలుచుకున్నాడు. స్టవ్వు, సింకు ఉండే పక్క 24 అంగుళాలు, ఎదురు పక్క 15 చాలన్నాడు. మధ్యలో 39 మిగిలింది. 15 అంటే చిన్నదని మా ఆయన గొణిగినాడు గానీ, నిజానికి సామాన్లకి అదే మేలు, లోతు ఎక్కువైతే వెనక పెట్టిన కందిపప్పు డబ్బా మళ్లీ సంక్రాంతికే బయటపడేది. ఫ్రిజ్ హాల్లోకి పోయింది, మొదట బాధగా ఉన్నింది, ఇప్పుడు అలవాటైంది.

డోర్లకి హ్యాండిల్స్ పెట్టలేదు. పై అంచులో వేళ్లు దూర్చి లాగేట్టు అల్యూమినియం ప్రొఫైల్ (గాడి ఉన్న పట్టీ) వేసినారు. సన్న దారిలో హ్యాండిల్స్ ఉంటే కొంగు తగులుకుంటాది, లేదంటే మోకాలికి కొట్టుకుంటాది, రెండూ మనకి తెలిసినవే. పైన డోర్లు పక్కకి కాకుండా పైకి లేచేవి పెట్టినారు, తల తగలదు. ఇంకొకటి, ఎదురెదురుగా డ్రాలు రాకుండా ఒక పక్క డ్రాలు ఉన్నచోట రెండో పక్క డోర్లు పెట్టినారు, చిన్న విషయమే గానీ ఇద్దరు పనిచేసేటప్పుడు తెలుస్తాది.

అసలు చెప్పాల్సింది రొట్టె పలక గురించి. మా ఇంట్లో రాత్రిపూట జొన్నరొట్టె లేకుండా పొద్దు పోదు, గట్టేమో 32 అంగుళాల ఎత్తు, దాని మీద రొట్టె తడితే భుజాలు పట్టేస్తాయి. "అక్కా, నువ్వు రొట్టె యాడ తడతావో ఒకసారి తట్టి చూపీ" అన్నాడు కార్పెంటర్. పిండి పిసికి కింద పీట మీద తట్టి చూపించినా. 15 అంగుళాల గట్టు కింద, నేల నుంచి 27 అంగుళాల ఎత్తులో, బయటికి లాగే టేకు పలక పెట్టిచ్చినాడు, పనైపోతే లోపలికి తోసేస్తే డ్రా మాదిరి కనపడుతుంది. మొదట మామూలు ఛానల్ (పలక జారే పట్టా) వేసినారు, నాలుగు దెబ్బలకే పలక ఊగి రొట్టె వంకర పోయింది, అప్పుడు లాక్ పడే హెవీ ఛానల్ మార్చి, ముందర కింద మడిచే కాలు ఒకటి పెట్టినాడు, దానికి ఎక్స్‌ట్రా తీసుకోలేదు. ఇప్పుడు ఎంత గట్టిగా తట్టినా కదలదు. మా అత్త కూడా స్టూలు వేసుకుని దాని మీదే తడుతుంది, ఆమెకి నచ్చిందంటే మాటలా.

ఇక చెక్క సంగతి. 2009 అక్టోబర్లో తుంగభద్ర ఊర్లోకి వచ్చినప్పుడు మా వీధంతా నీళ్లే, అప్పటి నుంచి నేలకి ఆనే చెక్క అంటే మా ఇంట్లో ఎవరికీ పడదు. వీళ్లు కింద బాక్సులు నేల మీద పెట్టకుండా అడుగున బేతంచెర్ల బండతో దిమ్మె కట్టి దాని మీద కూర్చోబెట్టినారు. సింకు కింద బాక్సు డబ్ల్యూపీసీ, అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన బోర్డు, మిగిలినవి నీళ్లకి తట్టుకునే ఐఎస్ 710 మెరైన్ ప్లై. ప్లై వచ్చినప్పుడు షీట్ మీద ఆ నంబర్ ముద్ర ఉందా లేదా చూసుకోండి, ఐఎస్ 303 ఎంఆర్ అని ఉంటే అది తేమకి మాత్రమే ఆగే రకం, గదుల్లో బీరువాలకి సరిపోతాది, సింకు పక్కన కాదు. చెక్కపొట్టు అదిమి చేసే పార్టికల్ బోర్డు తక్కువకి వస్తాది గానీ ఒకసారి నీళ్లు తాగితే ఉబ్బిపోతాది, ఆ షోరూమ్ కొటేషన్‌లో ఉండేది అదే.

పాత గోడ అరల్లోని కడప బండలు పీకేయకుండా అట్లే వాడుకున్నారు, పాలిష్ చేసి ఊరగాయ జాడీలకి వదిలినారు. గట్టు మీద మాత్రం గ్రానైట్. కడప బండ గానీ బేతంచెర్ల గానీ సున్నపురాయి జాతి, నిమ్మరసం, చింతపండు పడితే రాయిని తినేసి మరక పడతాది, మన వంటల్లో పులుసు లేని రోజేది. క్వార్ట్జ్, అంటే రాతిపొడిని రెసిన్ జిగురుతో కలిపి చేసే పలక, వేసుకోమని కొందరు చెప్పినారు గానీ పొయ్యి మీద నుంచి దించిన సంగటి గిన్నె నేరుగా పెడితే అందులోని రెసిన్‌కి మచ్చ పడుతుంది, గ్రానైట్‌కి ఆ బాధ లేదు.

సిలిండర్ అల్మరకి కింద జాలీ వేసినారు, అడగకుండానే. గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే కిందికే దిగుతాది, అందుకే గాలి తూట్లు కింద ఉండాల. చిమ్నీ పైపు 6 అంగుళాలది, ఒకే ఒక్క వంపుతో బయటికి తీసినారు. వంపులు ఎక్కువైతే పీల్చే బలం తగ్గుతాదంట. ఎండుమిర్చి తిరవాత పెట్టినా హాల్లో ఎవరూ దగ్గడం లేదు.

రంగు పైన ఐవరీ, కింద లేత పిస్తా, రెండూ మ్యాట్. నలుపు వేసి ఉంటే ఈ సన్న గదిలో పగలే లైటు వేసుకోవాల్సి వచ్చేది. పై అల్మరాల అడుగున ఎల్ఈడీ పట్టీ పెట్టినారు, కూరగాయలు తరిగేటప్పుడు మన నీడ మన చేతి మీద పడదు.

అంతా కలిపి 2,10,000 అయింది, చిమ్నీ వేరే. కొటేషన్ కంటే ఎక్కువే, కానీ పెరిగిన ప్రతిదీ ముందే చెప్పి పెంచినారు. టైమ్ మాత్రం దారుణం, ఉగాదికి ఇస్తామని మే ఎండల్లో ఇచ్చినారు, అన్ని రోజులు వరండాలో వంట. డోర్లు హైదరాబాద్ నుంచి రావాలి, రాలేదు, ఇదే పాట. బయట ఊర్ల నుంచి వచ్చే సరుకుంటే అడ్వాన్సులో సగం పట్టుకోండి, సరుకు దిగినాకే ఇవ్వండి.

లాఫ్ట్ మూల డోర్ ఒకటి ఇంకా కొంచెం వాలి ఉంది, హింజ్ స్క్రూ తిప్పితే సరిపోతాదంట. ఫోన్ చేస్తే "సోమవారం వస్తానక్కా" అంటాడు, ఏ సోమవారమో చెప్పడు. అది సరిచేసి పోతే ఐదో స్టార్ గురించి ఆలోచిస్తా.