చెంబేరి చెట్టెక్కే మిషను: బెల్టు లేకుండా కొనకండి

కొబ్బరికాయలు కోసి దించే దింపు వాళ్లు దొరకడం లేదన్న మాట కోనసీమలో ఏ తోట గట్టు మీద నిలబడినా వినిపిస్తుంది. అందుకే కొబ్బరి చెట్టెక్కే మిషన్ల గురించి వాకబు చేసే రైతులు పెరిగారు. వాటిలో ఎక్కువ వాడుకలో ఉన్నది చెంబేరి మోడల్, కేరళలో కన్నూరు జిల్లా చెంబేరి ఊరి పేరు మీద వచ్చిన రకం. ఆ నమూనాలో చాలా వర్క్‌షాపులు తయారు చేస్తున్నాయి కాబట్టి ఇది ఏ ఒక్క షాపు సరుకు గురించో కాదు, ఆ రకం గురించి.

మిషను అంటారు గానీ మోటారేం ఉండదు. రెండు ఇనుప చట్రాలు, కాలికొకటి. ఒక్కోదానికి కాలు దూర్చే పెడలు, చేత్తో పట్టుకునే హ్యాండిలు, మానుని చుట్టి కొక్కేనికి తగిలించే వైరు రోపు, మానుకి ఆనే రబ్బరు ప్యాడు. పెడలు మీద బరువు పడితే రోపు బిగిసి ప్యాడు మానుని కరుచుకుంటుంది. బరువు తీసి హ్యాండిలు పైకెత్తితే వదులవుతుంది. ఒకటి కరుచుకుని ఉండగా రెండోదాన్ని జరుపుకుంటూ నిచ్చెన ఎక్కినట్టు పోవడమే.

మిషను లేకుండా కాళ్లకి బంధం (తాడు చుట్ట) వేసుకుని ఎక్కడానికి చిన్నప్పటి నుంచి ఒళ్లు అలవాటు పడాలి. అరికాళ్లు, గుండె దగ్గర చర్మం మొద్దుబారాలి. మిషను మీద కొత్తవాడు కూడా కొద్ది రోజుల సాధనతో ఈస్ట్ కోస్ట్ టాల్ లాంటి పొడుగు చెట్టెక్కగలడు. 2011లో కొబ్బరి అభివృద్ధి బోర్డు కేరళలో 'ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ' పేరుతో యువతకి ఇలాంటి మిషన్ల మీదే శిక్షణ మొదలుపెట్టింది. ఆ మేరకు దీనికి పూర్తి మార్కులు.

అయితే చాలామంది రైతులు మిషను కొనగానే ప్రమాదం బెడద తీరిపోయిందనుకుంటున్నారు. మిషను చేసేది కాలికి మెట్టు ఇవ్వడం, అంతే. చెయ్యి జారితే, కళ్లు తిరిగితే, కందిరీగ కుడితే మనిషి వెనక్కి వాలిపోతాడు. పెడల్లో ఇరుక్కున్న కాలు అతన్ని ఆపదు, పైగా తలకిందులు చేస్తుంది. ఈ లోపం గమనించే కాసరగోడ్‌లోని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ ఈ మోడల్‌కి విడిగా ఒక రక్షణ అమరిక తయారు చేసింది. అది లేకుండా, బెల్టు లేకుండా ఉత్త చట్రాలు అమ్మేవాళ్ల దగ్గర కొనొద్దు.

బెల్టుల్లోనూ తేడా ఉంది. నడుముకి మాత్రమే కట్టుకునేది వద్దు. పడినప్పుడు ఆ కుదుపంతా నడుము మీదా పొట్ట మీదా పడుతుంది. భుజాలు, తొడలు కలిపి పట్టే ఫుల్ బాడీ హార్నెస్ తీసుకోండి, దాని పట్టీ మీద ఐఎస్ 3521 అని ఉందో లేదో చూడండి. హెల్మెట్‌కైతే ఐఎస్ 2925, గడ్డం కింద పట్టీ తప్పనిసరి. పట్టీ లేని హెల్మెట్ మనిషి కంటే ముందే కింద పడుతుంది.

ఇక షాపుల్లో ఎవరూ చెప్పని సంగతి. హార్నెస్ తాడుని మానుకి ఊరికే ఒక చుట్టు చుట్టి తగిలిస్తే అది పడిపోతున్న మనిషిని ఆపదు. కొబ్బరి మాను నున్నగా, మొదలు దాటాక దాదాపు ఒకే లావుగా ఉంటుంది. చుట్టు తాడు మనిషితో పాటే జారుకుంటూ కిందికొస్తుంది. బరువు పడగానే మానుని నొక్కి పట్టే రకం తాడు కావాలి. అది లేకపోతే మానుకి రెండు చుట్లు వేసి, లాగితే ఉరిలా బిగుసుకునేలా తగిలించాలి. పెద్ద చెట్టు దగ్గరికి పోకుండా ముందే పరీక్ష పెట్టండి. నేల మీద నుంచి అడుగు ఎత్తులో బెల్టు మీద పూర్తిగా వేలాడి చూడాలి. జారితే ఆ తాడు పనికిరాదు. ఇది 2 నిమిషాల పని.

ఆ 2 నిమిషాల దగ్గరే అసలు పేచీ. దింపు కూలి చెట్టు లెక్క. తాడు తగిలించి, జరిపి, విప్పే ప్రతి నిమిషం కార్మికుడి జేబులోంచి పోతుంది. "తాడేసుకుని ఎక్కేవాడు దింపువాడేంటి" అన్న ఎగతాళి ఒకటి. దాన్ని మొండితనం అని కొట్టిపారేయడం తేలిక. బెల్టుతో ఎక్కితే చెట్టుకింత ఎక్కువ ఇస్తానని ముందే చెప్పి చూడండి, మొండితనం ఎంత మిగులుతుందో తెలుస్తుంది. మిషను కొనిచ్చి పాత రేటే ఇస్తే బెల్టు పాకలోనే వేలాడుతుంది.

మిషను తనిఖీకి వద్దాం. పాత నూలు గుడ్డ ముక్కతో వైరు రోపుని పట్టి ఈ చివర నుంచి ఆ చివరికి లాగండి. ఎక్కడైనా గుడ్డ పోగు చిక్కుకుంటే అక్కడ తీగ తెగింది. కంటికి కనబడని చోట కూడా గుడ్డ పట్టిస్తుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలికి రోపు పైకి బాగానే ఉన్నా లోపల తుప్పు పట్టిపోతుంది. వంచితే గరగరమని పొడి రాలితే మార్చేయండి. మార్చేటప్పుడు సైకిల్ షాపులో దొరికే బ్రేకు వైరు కట్టించుకునే ఘనులున్నారు, అది మనిషి బరువుకి కాదు. అదే మందం వైరు రోపు తీసుకుని యూ క్లాంపులు వేయించండి. క్లాంపులో గాడి ఉన్న దిమ్మ బరువు మోసే తాడు వైపు, వంపు బోల్టు కత్తిరించిన కొస వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే బోల్టు బరువు మోసే తాడునే నలిపేస్తుంది. ఒక్క క్లాంపుతో సరిపెట్టకుండా 3 వేయండి.

రబ్బరు ప్యాడు అరిగి ఇనుము మానుకి తగులుతుంటే ఆ రోజు పని ఆపేయడమే. వాన వెలిసిన వెంటనే, మాను మీద నాచు తడిగా ఉన్నప్పుడు కొత్త ప్యాడు కూడా జారుతుంది. రేగడి బురదతో పెడలు నిండిపోతే కాలు లోపలికంటా పోదు. ఎక్కే ముందు గీకెయ్యాలి.

ఎక్కడంలో ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది. కింది చట్రాన్ని మరీ పైకి లాగితే అది పై చట్రానికి తగిలి దాని పట్టు వదిలిస్తుంది. రెంటి మధ్యా ఎప్పుడూ జానెడు ఖాళీ ఉండాలి. మాను మొదలు దగ్గరి లావుకి సరిపెట్టిన రోపు పైకి పోయేకొద్దీ వదులై చట్రం కిందికి వాలుతుంది. వాలు కనబడగానే ఆగి రోపు బిగించుకోవాలి. పైన గెలల కిందికి చేరాక ఎండు మట్టని పట్టుకోకూడదు, బరువు పెడితే చేతిలోకి ఊడొస్తుంది. ముందు తాడు బిగించి, తర్వాతే కత్తి తియ్యాలి.

ఏ చెట్టెక్కకూడదో కూడా చెప్పాలి. మాను మొదలు దగ్గర ఎర్రటి బంక కారుతుంటే గానోడెర్మా తెగులు కావచ్చు. మానుకి కన్నాలుండి, నమిలిన పీచు బయటికొస్తుంటే ఎర్రముక్కు పురుగు. కత్తి మడమతో కొట్టి చూస్తే డొల్ల చప్పుడొస్తుంది. అలాంటి చెట్టుకి మిషను తగిలించొద్దు. కాలవ గట్టు మీద నీళ్ల వైపు వాలిన చెట్లకి ఈ మోడల్ అంత బాగుండదు, వీపు వైపు నుంచి ఎక్కినా చట్రం పక్కకి తిరుగుతుంది. మిరియం పాదులు పాకించిన మానుల మీదా, ఎలుకలు ఎక్కకుండా రేకు కట్టిన మానుల మీదా అసలు పోదు. కోకోతో పాటు మిరియం వేసిన తోట వాళ్లు కొనే ముందు ఎన్ని చెట్లకి పనికొస్తుందో లెక్కేసుకోండి.

కరెంటు తీగల సంగతి మిషనుకి సంబంధం లేదనుకోవద్దు. ఇనుప చట్రం, దానికి తోడు కొందరు అల్యూమినియం గెడ పైకి తీసుకెళ్తారు. మట్ట తీగ మీద పడినా ప్రమాదమే. 11 కేవీ తీగకి 10 అడుగుల లోపు మట్టలుంటే లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సప్లై ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకుని, సప్లై ఆగిందని చెప్పాకే ఎక్కాలి. "ఇప్పుడు కరెంటు పోయింది, గబగబా దింపేద్దాం" అనడం అన్నిటికంటే చెడ్డది, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు.

కింద కాయలు ఏరేవాళ్లకి ఒక లెక్క. 50 అడుగుల నుంచి జారిన కాయ నేలని తాకేసరికి గంటకి 60 కిలోమీటర్ల వేగం మీద ఉంటుంది. మానుకి 25 అడుగుల దూరంలో ఉండాలి. పైనున్న మనిషి "రండి" అనేదాకా లోపలికి రాకూడదు.

బెల్టు మీద స్పృహ లేకుండా వేలాడే మనిషిని నిమిషాల్లో దించకపోతే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి తోటకి ఒక మిషను చాలదు. రెండోదీ, దాన్ని ఎక్కడం వచ్చిన రెండో మనిషీ అక్కడే ఉండాలి. నలుగురు రైతులు కలిసి రెండు కొనుక్కుంటే ఖర్చు కలిసొస్తుంది. కార్మికులకి కొబ్బరి బోర్డు కేరా సురక్ష బీమా ఉంది, అంబాజీపేట వైపు వెళ్లినప్పుడు ఉద్యాన శాఖ వాళ్లని దరఖాస్తు సంగతి అడగండి.

కూర్చుని ఎక్కే రకం మాటకొస్తే, నెమ్మది. బరువూ ఎక్కువే. కానీ సీటు ఉండటం వల్ల భయస్తులకీ, వయసు పైబడ్డవాళ్లకీ అది నయం. ఇంటి పెరట్లో నాలుగు చెట్లున్నవాళ్లు అదే తీసుకోండి. గంగాబొండాం లాంటి పొట్టి చెట్లే ఉంటే రెండూ అక్కర్లేదు, గట్టి నిచ్చెన చాలు.