ఐరన్‌బ్రిడ్జ్ లోయ: ముందు కొలిమి, తర్వాతే వంతెన

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి పొద్దున్నే బయల్దేరితే, పాత ఇనుప వంతెనకు పేరుపడ్డ ఐరన్‌బ్రిడ్జ్ చూసి సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చని చాలామంది చెప్తారు. అక్కడ ఒక రాత్రయినా ఉండాలని నేనంటాను. సెవెర్న్ నది ఒడ్డున మ్యూజియంలు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. ఒక్క పూటలో పరుగులు పెడితే వంతెన దగ్గర ఫొటో తప్ప ఏమీ దక్కదు.

రైలు టెల్‌ఫర్డ్ సెంట్రల్ వరకే. అక్కణ్ణుంచి బస్సులు తక్కువ, సాయంత్రమయ్యేసరికి మరీ తక్కువ. పెద్దవాళ్లు వెంట ఉంటే టాక్సీ ముందే మాట్లాడుకోండి.

అందరూ నేరుగా వంతెన దగ్గరికే వెళ్తారు. మీరు మాత్రం ముందు కోల్‌బ్రూక్‌డేల్‌లోని పాత కొలిమి చూడండి. 1709లో మొదటి ఏబ్రహం డార్బీ కట్టెబొగ్గు మానేసి కోక్‌తో, అంటే గాలి తగలకుండా కాల్చి మలినాలు పోగొట్టిన రాతిబొగ్గుతో, ఇనుప ఖనిజాన్ని కరిగించింది ఇక్కడే. కుర్రతనంలో ఆయన మాల్ట్ మిల్లులు తయారుచేసే పని నేర్చుకున్నాడు. మాల్ట్ అంటే మొలకెత్తిన బార్లీ, దాన్ని ఆరబెట్టడానికి అప్పటికే కోక్ వాడేవాళ్లు. పైగా ఇక్కడి బొగ్గులో గంధకం తక్కువ, అది ఎక్కువైతే ఇనుము పెళుసవుతుంది. బీరు బట్టీల పక్కన నేర్చిన విద్య ఇనుప కొలిమికి పనికొచ్చిందన్నమాట! అంతకుముందు ఇత్తడితో చేసే ఆవిరి యంత్రాల సిలిండర్లను తర్వాత ఇక్కడే ఇనుముతో పోతపోశారు. అక్కడ నిలబడితే నాకు కాళ్లు కదల్లేదు. వంతెన కన్నా ఈ కొలిమే గొప్పదని నా అభిప్రాయం.

ఇక వంతెన. నమూనా వాస్తుశిల్పి థామస్ ప్రిచర్డ్‌ది, కట్టించింది మొదటి డార్బీ మనవడు మూడో ఏబ్రహం డార్బీ. 1779లో నిలబెట్టి, 1781 జనవరి 1న రాకపోకలకు తెరిచారు. దాదాపు 30 మీటర్ల కమాను, 378 టన్నుల పోత ఇనుము. పైన నడిచి వచ్చేయకుండా ఒడ్డుకు దిగి కిందనుంచి చూడండి. బెజ్జాల్లో కొనలు దూర్చి, చీలలు కొట్టి బిగించారు, అచ్చం వడ్రంగి ద్వారబంధం బిగించినట్టు. ఇనుముతో ఇంత పెద్ద కమాను ఎలా అతకాలో అప్పటికి ఎవరికీ అనుభవం లేదు, అందుకే చెక్కపని పద్ధతే తీసుకున్నారు. 1795 వరదల్నీ తట్టుకుంది. చూడ్డానికి టికెట్ లేదు.

పిల్లలుంటే బ్లిస్ట్స్ హిల్ తప్పనిసరి. విక్టోరియా కాలపు ఊరిలా తీర్చిదిద్దిన ఆరుబయటి మ్యూజియం అది, అప్పటి నాణేలు మార్చుకుని కొనుక్కోవచ్చు. టికెట్ ఖరీదే గానీ రోజంతా గడుస్తుంది. అక్కడ చిప్స్ పాతకాలం పద్ధతిలో పశువుల కొవ్వులో వేయిస్తారు, శాకాహారులు అడిగి తినండి.

బసకు లోయలోనే ఉన్న కోల్‌పోర్ట్ బాగుంది. పాత పింగాణీ కర్మాగారంలోనే యూత్ హాస్టల్ ఉంది. వంతెన దగ్గరి గదులు అందంగా ఉంటాయి గానీ దారులన్నీ ఏటవాలు, బరువైన సూట్‌కేసులతో కష్టం.

తిరుగు ప్రయాణంలో సమయముంటే బర్మింగ్‌హామ్‌లోని థింక్‌ట్యాంక్ సైన్స్ మ్యూజియంలో ఆగండి. కాలువ లాకులకు నీళ్లు తోడిన బౌల్టన్, జేమ్స్ వాట్‌ల స్మెథిక్ ఆవిరి ఇంజన్ అక్కడుంది. అదీ 1779 నాటిదే.