2025లో నాలుగు గ్రాండ్‌స్లామ్ మహిళల టైటిళ్లు: ఏది మేలు?

వింబుల్డన్ ఫైనల్ 6-0, 6-0తో ముగిసినప్పటి నుంచి నన్ను చాలామంది అడుగుతున్నది ఒక్కటే. 2025లో టెన్నిస్‌లోని నాలుగు పెద్ద టోర్నీలని, అంటే గ్రాండ్‌స్లామ్‌లనూ, నలుగురు పంచుకున్నారు కదా, వాటిలో గొప్ప గెలుపు ఎవరిది? అడిగినవాళ్లే సగం మంది జవాబు కూడా చెప్పేస్తారు, వింబుల్డన్ గెలిచిన ఇగా స్వియాటెక్‌దేనని. ఫైనల్లో ఒక్క గేమ్ కూడా వదలకుండా గెలిచాక ఇంకేం కావాలంటారు. నేను మాత్రం ఫైనల్ స్కోరు చూసి టైటిల్‌కి విలువ కట్టను. డ్రా, అంటే ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే పట్టిక, ముందు పెట్టుకుని, మొదటి రౌండ్ నుంచి ఎవరెవరిని దాటుకుంటూ వచ్చిందో చూస్తాను. అలా చూసినప్పుడు నా ఓటు ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచిన మాడిసన్ కీస్‌కే.

అయినా ముందు స్వియాటెక్‌కి దక్కాల్సింది దక్కాలి. జులై 12న అమండా అనిసిమోవాపై ఫైనల్ 57 నిమిషాల్లో అయిపోయింది. వింబుల్డన్ మహిళల ఫైనల్లో ఇలా రెండు సెట్లూ 6-0 కావడం 1911 తర్వాత ఇదే. మొత్తం గ్రాండ్‌స్లామ్‌లు తీసుకున్నా 1988 ఫ్రెంచ్ ఓపెన్లో స్టెఫీ గ్రాఫ్ జ్వెరెవాని ఓడించాక మళ్లీ ఇప్పుడే. గడ్డి కోర్టు స్వియాటెక్‌కి అచ్చిరాదని ఏళ్ల తరబడి అందరూ అనుకున్న మాట, అంతకుముందు అక్కడ ఆమె క్వార్టర్స్ దాటింది లేదు. అలాంటిది టోర్నీ మొత్తంలో పోగొట్టుకున్నది ఒకే ఒక్క సెట్, అదీ రెండో రౌండ్లో మెక్‌నాలీకి. సెమీస్‌లో బెన్సిచ్‌పై 6-2, 6-0. అంటే చివరి రెండు మ్యాచ్‌లూ కలిపి ప్రత్యర్థులకి దొరికినవి రెండే గేములు. ఆ రెండు రోజులు ఆమె ఆడిన ఆటకి వంక పెట్టలేం.

కానీ డ్రా చూడండి. టాప్ 10 వాళ్లైన గాఫ్, పెగులా, జెంగ్ మొదటి రౌండ్లోనే ఇంటికెళ్లిపోయారు, పావొలీనీ రెండో రౌండ్లో. నంబర్ వన్ సబలెంకాని సెమీస్‌లో ఓడించింది అనిసిమోవా. స్వియాటెక్ ఆడిన ఏడుగురిలో టాప్ 10 వాళ్లు ఒక్కరూ లేరు. ఇది ఆమె తప్పు కాదు, ఎదురొచ్చినవాళ్లతోనే ఎవరైనా ఆడాలి. అయితే నాలుగు టైటిళ్లని పక్కపక్కన పెట్టి తూచేటప్పుడు ఇది లెక్కలోకి రాకుండా ఎలా ఉంటుంది? పైగా రెండు నెలలు కూడా తిరక్కుండా యూఎస్ ఓపెన్ క్వార్టర్స్‌లో అదే అనిసిమోవా 6-4, 6-3తో స్వియాటెక్‌ని ఓడించింది. ఇద్దరి మధ్య తేడా వింబుల్డన్ స్కోరు చెప్పినంత లేదు, మొదటిసారి గ్రాండ్‌స్లామ్ ఫైనల్‌కి వచ్చిన టెన్షన్‌తో ఆ రోజు అనిసిమోవాకి కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఇప్పుడు కీస్ డ్రా. ఆస్ట్రేలియన్ ఓపెన్ జరిగే మెల్‌బోర్న్‌లో ఆమె 19వ సీడ్ (సీడ్ అంటే ర్యాంకుని బట్టి టోర్నీకి ముందు ఇచ్చే వరస). మూడో రౌండ్లో పదో సీడ్ కొలిన్స్, తర్వాత ఆరో సీడ్ రిబాకినా, క్వార్టర్స్‌లో 28వ సీడ్ స్వితోలినా, సెమీస్‌లో రెండో సీడ్ స్వియాటెక్, ఫైనల్లో మొదటి సీడ్, అంతకుముందు రెండేళ్లూ అక్కడే వరుసగా గెలిచిన సబలెంకా. ఏడు మ్యాచ్‌లలో ఐదు మూడో సెట్‌కి వెళ్లాయి. స్వితోలినాతో అయితే మొదటి సెట్ పోగొట్టుకుని మరీ గెలిచింది.

అన్నిటికంటే ఆ సెమీస్. అక్కడికి వచ్చేసరికి స్వియాటెక్ ఐదు మ్యాచ్‌లలో ఇచ్చిన గేములు మొత్తం 14, మూడో రౌండ్లో రాడుకానుకి దొరికింది ఒక్కటంటే ఒక్కటి. కీస్ మొదటి సెట్ 5-7తో పోగొట్టుకుని, రెండోది 6-1తో లాక్కుంది. మూడో సెట్ 6-5 దగ్గర స్వియాటెక్ మ్యాచ్ కోసం సర్వ్ చేస్తూ మ్యాచ్ పాయింట్ దాకా వచ్చింది, అక్కడ బంతి నెట్‌కి కొట్టింది. కీస్ ఆ సర్వ్ బ్రేక్ చేసి, అంటే ఎదుటి మనిషి సర్వ్ చేసిన గేమ్ తను గెలిచి, 6-6 అయ్యాక ఆడే పది పాయింట్ల టైబ్రేక్‌ని 10-8తో ముగించింది. ఓటమికి ఒక్క పాయింట్ దూరం నుంచి వెనక్కొచ్చిన మనిషి రెండు రోజులకే సబలెంకాతో 6-3, 2-6 అయ్యాక మూడో సెట్ ఆడుతోంది, కీస్ 6-5తో ముందుంది, సర్వ్ సబలెంకాది. మామూలుగా ఎవరైనా అలాంటప్పుడు బంతి లోపల పడితే చాలనుకుంటారు. కీస్ ఆ గేమ్‌లోనూ చేయి ఆపకుండా బలంగానే కొట్టి బ్రేక్ చేసింది, చివరి పాయింట్ కూడా ఫోర్‌హ్యాండ్ విన్నరే. 2017 యూఎస్ ఓపెన్ ఫైనల్లో స్టీఫెన్స్ చేతిలో 6-3, 6-0తో ఓడిపోయిన కీస్‌కి, మళ్లీ ఒక గ్రాండ్‌స్లామ్ ఫైనల్ చూడటానికి ఏడేళ్లకు పైగా పట్టింది. 29 ఏళ్ల వయసులో, ఒకే టోర్నీలో నంబర్ వన్‌నీ నంబర్ టూనీ ఓడించి తొలి టైటిల్. నా దృష్టిలో నాలుగింట్లో దీని బరువు ఇంకో దానికి లేదు.

రెండో స్థానం కోకో గాఫ్‌కిస్తాను, కాస్త ఆలోచించాకే. ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో నంబర్ వన్ సబలెంకాపై 6-7, 6-2, 6-4, అదీ గాలి విసిరి కొడుతున్న రోజున. సబలెంకా చేసిన అనవసర తప్పులు 70, అందుకే ఆమే ఓడిపోయింది గానీ గాఫ్ గెలవలేదని కొందరంటారు, నేను ఒప్పుకోను. ప్రతి బంతీ మళ్లీ వెనక్కి వస్తుంటే ఎదుటి మనిషి ఇంకా గట్టిగా, ఇంకా గీతకి దగ్గరగా కొట్టబోయి తప్పు చేస్తుంది, ఆ గాలిలో గాఫ్ పరుగు చేసిన పని అదే. తగ్గించాల్సి వస్తే ఒక్క విషయంలో తగ్గిస్తాను: సెమీస్‌లో ఆమెకి ఎదురైంది 361వ ర్యాంకు బోయిస్సాన్, 6-1, 6-2. అక్కడ నాలుగుసార్లు గెలిచిన స్వియాటెక్‌ని పంపించే కష్టమైన పని ఇంకో సెమీస్‌లో సబలెంకాయే చేసి పెట్టింది.

యూఎస్ ఓపెన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సబలెంకా క్వార్టర్స్‌లో వొండ్రుసోవా గాయంతో తప్పుకోవడంతో ఆడకుండానే దాటింది, సెమీస్‌లో పెగులాతో ఒక సెట్ పోయింది, ఫైనల్లో అనిసిమోవాపై 6-3, 7-6. 2014లో సెరెనా తర్వాత అక్కడ టైటిల్ నిలబెట్టుకున్నది ఈమే. మంచి గెలుపే, కాకపోతే నంబర్ వన్ నుంచి అనుకున్నదే.

ఇక స్వియాటెక్ అభిమానులకి ఒక మాట. వింబుల్డన్ ఫైనల్‌తో పాటు మెల్‌బోర్న్ సెమీస్‌ని కూడా, కనీసం మూడో సెట్ 5-5 నుంచి, ఒకసారి వేసుకుని చూడండి. ఆ తర్వాత కూడా మీ ఓటు మారకపోతే వాదించుకుందాం.