బ్యాంకు యాప్‌లోని కార్డు కంట్రోల్స్: ఫోను మోసాల నుంచి ఎంతవరకు కాపాడతాయి?

ఫోను చేసి క్రెడిట్ కార్డు వివరాలు రాబట్టే మోసాల గురించి బ్యాంకులు పంపే హెచ్చరికలన్నీ దాదాపు ఒకే మాట చెబుతాయి: ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. మాట సరైనదే కాని, అది భారమంతా ఫోనెత్తిన మనిషి మీద, అందులోనూ అతడు కంగారుపడుతున్న ఆ రెండు మూడు నిమిషాల మీద మోపుతుంది. అటువంటి ఫోను రాకముందే నింపాదిగా కూర్చుని ఏర్పాటు చేసుకోగల రక్షణ ఏదైనా ఉందా అని వెదికేవారికి, కార్డు ఎక్కడ, ఎంత మొత్తం వరకు పనిచేయాలో మనమే నిర్ణయించుకునే కార్డు కంట్రోల్స్ అనే బ్యాంకు యాప్ సదుపాయం ఎంతో విలువైనది. మా ఇంట్లో వేర్వేరు బ్యాంకుల కార్డులపై దీనిని కొంతకాలంగా వాడుతున్నాను కనుక దాని మంచిచెడ్డలు ఇక్కడ రాస్తున్నాను.

ఇది బ్యాంకులు తమంతట తాము దయతలచి ఇచ్చినది కాదు. 2020 జనవరి 15న రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఆదేశాల ప్రకారం, కొత్త కార్డు చేతికి వచ్చేనాటికి అది దేశంలోని ఏటీఎంలలోనూ, దుకాణాల్లోని స్వైపింగ్ మిషన్లలోనూ మాత్రమే పనిచేయాలి. ఆన్‌లైన్ కొనుగోళ్లు, విదేశీ లావాదేవీలు, కార్డును మిషన్‌కు తాకించి చెల్లించే పద్ధతి కావాలంటే వాటిని కార్డుదారుడే అడిగి తెరిపించుకోవాలి. తెరిచిన దానిని మళ్లీ మూయడానికీ, ఒక్కొక్క దానికి గరిష్ఠ మొత్తం నిర్ణయించుకోవడానికీ యాప్, ఇంటర్నెట్ బ్యాంకింగ్, ఏటీఎం, ఐవీఆర్ (బ్యాంకుకు ఫోను చేసి, రికార్డు చేసిన గొంతు చెప్పినట్లు అంకెలు నొక్కే పద్ధతి) వంటి మార్గాల్లో ఇరవైనాలుగు గంటలూ వీలుండాలి. కార్డు స్థితి మారినప్పుడల్లా ఎస్సెమ్మెస్ లేదా ఈమెయిల్ రావాలి. ఈ చివరి నిబంధన చిన్నదిగా కనిపించినా చాలా అవసరమైనది, ఎందుకంటే మనకు తెలియకుండా ఎవరైనా ఆ స్విచ్ తాకితే మొదట తెలిసేది ఆ సందేశం ద్వారానే.

యాప్‌లో కార్డు బొమ్మ కింద దేశీయం, అంతర్జాతీయం అని రెండు విభాగాలు, వాటిలో ఆన్‌లైన్, దుకాణం, ఏటీఎం, కాంటాక్ట్‌లెస్ అని స్విచ్‌లు, ప్రతి స్విచ్ పక్కన పరిమితి మార్చుకునే గీత కనిపిస్తాయి. మా నాన్నగారి కార్డుకు నేను అంతర్జాతీయ విభాగం మొత్తం ఆపివేశాను. ఆన్‌లైన్‌కు ఆయన నెలనెలా కట్టే కరెంటు బిల్లుకూ, మందులకూ సరిపడే చిన్న మొత్తం మాత్రమే ఉంచాను. పండుగకు ఏదైనా పెద్ద వస్తువు కొనవలసి వస్తే పరిమితి పెంచి, డబ్బు కట్టిన వెంటనే మళ్లీ తగ్గిస్తాం.

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే మోసం నడిచే తీరు చూడాలి. రివార్డు పాయింట్లు ఈ రాత్రితో పోతాయనో, కార్డు లిమిట్ పెంచుతామనో, మీ కార్డుపై ఎవరో ఏదో కొన్నారు, రద్దు చేస్తామనో ఫోను వస్తుంది. మాట్లాడేవాడి దగ్గర మన పేరూ, కార్డు నంబరులో కొన్ని అంకెలూ ముందే ఉంటాయి కనుక నమ్మకం కుదురుతుంది. మిగిలిన అంకెలు, కార్డుపై విడిగా ముద్రించి ఉండే సీవీవీ అనే భద్రతా సంఖ్య అడిగి తీసుకున్నాక ఓటీపీ వస్తుంది. ఆ సందేశంలో దుకాణం పేరు, కట్టబోయే మొత్తం స్పష్టంగా రాసే ఉంటాయి. కాని అవతలివాడు అది రద్దు కోడ్ అని చెబుతూ తొందరపెడుతుంటే కళ్లు అంకెల మీదే నిలుస్తాయి, పక్కనున్న రూపాయల లెక్క చదవవు. అక్కడ ఓటీపీ చెప్పేసినా, ఆన్‌లైన్ పరిమితి రెండు వేలే ఉన్న కార్డుపై నలభై వేల లావాదేవీ తిరస్కరణకు గురవుతుంది. వాడు పరిమితి పెంచమని అడగవలసి వస్తే, మనిషి యాప్ తెరిచి, పిన్ కొట్టి, మెనూలు దాటి వెళ్లాలి. అనుమానం రావడానికి ఆ వ్యవధి చాలాసార్లు సరిపోతుంది.

డబ్బు పోయాక పరిస్థితి ఎలా ఉంటుందో చూసినా దీని విలువ అర్థమవుతుంది. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుడిదీ కాక మధ్యలో మరెక్కడో జరిగి, ఖాతాదారుడు మూడు పని దినాలలోపు తెలియజేస్తే అతడు నయాపైసా భరించనక్కరలేదు. కాని ఓటీపీ వంటి వివరాలు స్వయంగా చెప్పినందువల్ల జరిగిన నష్టాన్ని, బ్యాంకుకు తెలియజేసే వరకు ఖాతాదారుడే భరించాలి. అంటే ఫోను మోసాల బాధితులలో ఎక్కువ మందికి ఈ నిబంధన ఆదుకోదు. ముందే పెట్టుకున్న పరిమితి మాత్రం, తప్పు ఎవరిదైనా, నష్టాన్ని ఆ అంకె దగ్గరే ఆపుతుంది. అంతర్జాతీయ స్విచ్ విషయంలో ఇంకా పట్టుదలగా ఉండాలి. విదేశీ వెబ్‌సైట్లలో కొన్ని ఓటీపీ అడగకుండానే కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీలతో డబ్బు తీసుకోగలవు. విదేశాల్లో చదువుకునే పిల్లల ఫీజులు ఇక్కడి కార్డుతో కట్టే తల్లిదండ్రులు ఫీజు కట్టే రోజు తెరిచి ఆ రోజే మూసివేయడం మేలు.

ఇక లోపాలు. నేను వాడిన ఒక యాప్‌లో ఈ పేజీ సర్వీసులు, కార్డులు, సెట్టింగ్‌లు, వాడకం అంటూ నాలుగు మెట్ల లోపల ఉంది. అదే యాప్‌లో రుణం ఇస్తామనే ప్రకటన మొదటి తెరపైనే కనిపిస్తుంది. ఏది ముందుండాలో ఆ బ్యాంకు నిర్ణయించుకున్న తీరు నాకు ఎంతమాత్రం నచ్చలేదు. అందులోనే ఆన్‌లైన్ స్విచ్ తెరవగానే పరిమితి దానంతట అదే కార్డు మొత్తం లిమిట్‌కు చేరుతుంది. దానిని తగ్గించాలని ఎక్కడా సూచించరు. ఆన్‌లైన్ పూర్తిగా ఆపితే ఆటోపేలో ఉన్న నెలవారీ చందాలు ఆగిపోయే అవకాశం ఉంది కనుక ముందుగా వాటి జాబితా చూసుకోవాలి. ఇంట్లో యాడాన్ కార్డు (అదే ఖాతాపై కుటుంబసభ్యులకు ఇచ్చే అదనపు కార్డు) ఉంటే దాని స్విచ్‌లు వేరుగా ఉన్నాయో లేదో కూడా పరిశీలించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, మన ఫోను తెరను అవతలివాడికి చూపే స్క్రీన్ షేరింగ్ యాప్ గాని, వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు (ఫోనులోకి నేరుగా యాప్‌ను ఎక్కించే ఫైలు) గాని ఇన్‌స్టాల్ చేయించి ఫోనునే చేజిక్కించుకున్న వాడి ముందు ఈ స్విచ్‌లు పెద్దగా నిలబడవు.

అటువంటిది జరిగితే వెంటనే కార్డు బ్లాక్ చేయించి, సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే జాతీయ హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు చేతులు మారకముందే నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. లావాదేవీ సందేశం, సమయం, మొత్తం దగ్గర పెట్టుకుని మాట్లాడితే పని తొందరగా సాగుతుంది.

స్మార్ట్‌ఫోను ఉన్నవారికి ఈ సదుపాయాన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. కీప్యాడ్ ఫోను వాడే పెద్దలకు మాత్రం ఐవీఆర్, ఏటీఎం మార్గాలే దిక్కు. నేను ప్రయత్నించిన ఐవీఆర్‌లో తెలుగు ఎంచుకున్నా కార్డు నియంత్రణల దగ్గరికి వచ్చేసరికి సూచనలు ఇంగ్లీషులోకి మారిపోయాయి. రిజర్వు బ్యాంకు ఆ మార్గాన్ని ఎవరి కోసం ఉంచిందో వారికే అర్థం కాని భాషలో దానిని నడపడం బ్యాంకులు వెంటనే మానాలి. అంతవరకు ఆ ఇళ్లలోని పిల్లలు శాఖకు వెంట వెళ్లి, విదేశీ వాడకం ఆపించి, ఆన్‌లైన్ పరిమితి తగ్గించమని రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోవడం మంచిది.